తొమ్మిదివందల ఎనభై

బోధన్‌లో ఆత్మారాంను ఎదురుగా సైన్సు సారు అనేవారు, చాటున తిక్కపిల్లల సారు అనేవారు. మిగతా పంతుళ్లు వద్దన్న పిల్లలను ఇంటికి పిలిచి చదువు చెప్పేవాడు. ఎవరి మొఖమూ చూడని పిల్లలు, బడిగంట మోగితే చెవులు మూసుకుని కూలబడే పిల్లలు. అరవైల్లో ఆ వైపు ఆ తీరుకు పేరు తెలిసినవాళ్లు లేరు. పిచ్చి అనేవారు, లేకుంటే గాలి సోకిందనేవారు.

ఎడపల్లి చెరుకురైతు లింబయ్య కొడుకు ముత్యం అట్లాంటివాడే. అడిగినదానికి జవాబు చెప్పడు. విన్నమాటను విన్న గొంతుతోనే మళ్లీ అంటాడు. తల్లి తిట్టు తల్లి గొంతులో, కండక్టరు కేక కండక్టరు గొంతులో. ఆత్మారాం పుస్తకం పక్కన పెట్టి, వాణ్ణి చెరుకుబండ్ల దగ్గర నిలబెట్టాడు. ఎడ్లు గుంజగానే పైమోపు వెనక్కి జారడం వాడికి చూపించి, జడత్వం పాఠం అక్కడ మొదలుపెట్టాడు. రెండేళ్లకు ముత్యం హెచ్.ఎస్.సి. ఫిజిక్సు లెక్కలు చేశాడు.

"పాసైతే పాలిటెక్నిక్ తోలుత. లేకుంటే ఎడ్ల ఎన్క తోలుత. ఏమంటవ్ సారూ?" అన్నాడు లింబయ్య.

"మీవానికి అబద్ధం రాదు లింబన్నా. సైన్సుకు గంతకన్న ఏం కావాలె?"

చిక్కు అక్కడే వచ్చింది. లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం సెంటీమీటర్ల లెక్కన తొమ్మిదివందల ఎనభై రావాలి. బడిలో ఉన్న ఒక్క స్టాప్‌వాచీ ముందుకు పరుగెత్తేది, దానితో ఎవరికీ అంత రాదు. అందుకని పిల్లలు జవాబు ముందు రాసుకుని, దానికి సరిపడా రీడింగులు వెనకనుంచి అల్లేవారు. ఏటా ఆ అల్లిక నేర్పేది ఆత్మారామే. ముత్యానికి నేర్పబోతే వాడు బల్లకింద దూరాడు. "వచ్చిందే రాయాలె," అన్నాడు అచ్చం ఆత్మారాం గొంతుతో. మొదటిరోజు పాఠంలో విన్న మాట అది.

ఆత్మారాం విసుగుతో అన్నాడు: "గడియారం పాడైంది బిడ్డా. అందరు ఎన్కనుంచే రాస్తరు. పెద్దసారు తెల్వనట్టే ఉంటడు."

ప్రాక్టికల్సు నాడు నిజామాబాద్ నుంచి వచ్చిన ఎగ్జామినరు ముత్యం కాగితం ఎత్తి చూపించాడు. "తొమ్మిదివందల నలభై ఏందిరా? మీ బోధన్ల భూమి వేరేనా?"

పిల్లలు నవ్వారు. ముత్యం గోడవైపు చూస్తూ అన్నాడు: "గడియారం పాడైంది బిడ్డా. అందరు ఎన్కనుంచే రాస్తరు. పెద్దసారు తెల్వనట్టే ఉంటడు."

ఆ గొంతు ఎవరిదో గదిలో అందరికీ తెలుసు. పెద్దసారంటే హెడ్మాస్టరు, ఆయన గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏం ఆత్మారాం, నువ్వేనా చెప్పింది?"

ఆత్మారాంది టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటుకు సిఫారసు రాయాల్సింది ఆ హెడ్మాస్టరే.

"వానికి మతి లేదు సార్. ఏదో ఒకటి వాగుతడు."

"మతి లేనోన్ని పరీక్షకెందుకు కూసోబెట్టినవ్?" అంటూ ఎగ్జామినరు కాగితం మీద అడ్డగీత కొట్టాడు. తొమ్మిదివందల ఎనభై అల్లిన వాళ్లందరూ పాసయ్యారు.

రిజల్టు వచ్చిన మర్నాడు లింబయ్య కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఫెయిలైండని కొట్లాడనీకి రాలే సారూ. పరీక్ష నాటి సంది వీడు ఒక్కటే మాట అంటుండు. గా మాట ఎవరన్నరో నీకెర్కేమో అని వచ్చిన."

ముత్యం గడపమీది పసుపును గోటితో గీకుతున్నాడు. "వానికి మతి లేదు సార్," అన్నాడు. "ఏదో ఒకటి వాగుతడు."

లింబయ్య కొడుకును చూశాడు. తర్వాత ఆత్మారాంను చూశాడు.

"వానికి అబద్ధం రాదని నువ్వే అంటివి," అన్నాడు. కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

జూన్‌లో ఆత్మారాం పర్మనెంటయ్యాడు. ఆ తర్వాత అట్లాంటి పిల్లలను ఆ ఇంటికి ఎవరూ తీసుకురాలేదు, అతనూ అడగలేదు. చెరుకు సీజనులో ఎడపల్లి బండ్లు బడి ముందునుంచే పోతాయి. ఆ నెలల్లో అతను రోడ్డువైపు కిటికీలు మూయించి పాఠం చెప్పేవాడు. ఎవరైనా అడిగితే, దుమ్ము వస్తుంది అనేవాడు.