కొలిమా గవర్నర్లు, పంచాయతీ బోర్డు మీద ఒక పేరు

ఉద్యోగం నుంచి రిటైరైన తర్వాత నాకు ఒక పిచ్చి పట్టుకుంది. ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ల కోసం ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. దానిలో దేశదేశాల సంగతులు రాసిపెట్టడమే ఆ పిచ్చి. ఇన్నేళ్లూ సోషల్ టీచరుగా పటాల మీద బెత్తం పెట్టి చూపించిన దేశాలను ఇప్పుడు తీరిగ్గా చదువుకుంటూ రాస్తున్నాను. పోయిన వేసవిలో నా వంతుకు వచ్చింది మెక్సికో దేశంలోని కొలిమా రాష్ట్రం, దాన్ని ఏలిన గవర్నర్ల చరిత్ర.

ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు చిన్న అరుగు ఉంది. పొద్దున్నే ఎండ రాకముందు అక్కడ కూర్చుని ల్యాప్‌టాప్ మీద టైపు చేసుకునేదాన్ని. ఆ రోజుల్లోనే మా వీధిలో ఉండే ఒకమ్మాయి వాళ్ల అమ్మను కంటి ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చుకుంది. ఆ పెద్దావిడ నాకు పాత పరిచయమే. వాళ్లది గోనెగండ్ల దారిలో ఒక పల్లె. అక్కడి బడిలో నేను పనిచేసిన రోజుల్లో ఆమె ఆ ఊరికి సర్పంచి. కూలికి పోయే మనిషి. రిజర్వేషన్ వచ్చిన ఏడాది ఊరంతా కలిసి ఆమెను నిలబెట్టారు, గెలిచింది. ఐదేళ్లు చేసి మళ్లీ కొడవలి పట్టుకుని చేలోకి పోయింది.

వంగకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు అన్నారట డాక్టర్లు. పని లేకుండా కూర్చోవడం ఆమెకు చేతకాని విద్య. నల్లద్దాలు పెట్టుకుని మా అరుగు మీదికి వచ్చి కూర్చునేది.

"ఏం రాస్తాండావు టీచరమ్మా, పొద్దన లేసినప్పటి నుంచి?"

"కొలిమా గురించి అక్కా."

"కమ్మరోళ్ల కొలిమా?"

నవ్వొచ్చింది. అది ఒక రాష్ట్రం పేరని, సముద్రం ఒడ్డున ఉంటుందని, దాని పక్కనే నిప్పులు కక్కే కొండ ఉందని చెప్పాను.

"నిప్పుల కొండ ఉంటే అది కొలిమే కదా," అని తేల్చేసింది. ఆ తర్వాత రోజూ వచ్చి "ఈ పొద్దు కొలిమిలో ఎవురు కూర్చున్నారు?" అని అడిగేది.

నేను చదివి వినిపించేదాన్ని. మొదట్లో తిరుగుబాట్ల కాలంలో గవర్నర్లు చెప్పాపెట్టకుండా మారిపోయేవాళ్లు. తర్వాత ఒక పద్ధతి వచ్చింది. ఆరేళ్లకొకరు. ఒకసారి గెలిచి చేసినవాళ్లు మళ్లీ ఎన్నికలో నిలబడే వీల్లేదు. ఈ మాట ఆమెకు బాగా నచ్చింది. "మంచి మాట. ఒకడే కూర్చుంటే కుర్చీకి బూజు పడతాది" అంది.

ఒకసారి అక్కడ ఎన్నిక రద్దయింది. మళ్లీ ఎన్నిక జరిగేదాకా తాత్కాలికంగా ఒకాయన్ను కూర్చోబెట్టారు. తర్వాత గెలిచిన గవర్నరు విమాన ప్రమాదంలో చనిపోయాడు. మళ్లీ తాత్కాలికంగా ఇంకొకాయన. ఆ కథ విని ఆమె అయ్యో అని నొచ్చుకుంది. తర్వాత, "ఆ నడిమిట్ల కూర్చున్నోళ్ల పేర్లు గూడా రాసినారా?" అంది.

"రాశారక్కా. కొన్నాళ్లే చేసినా సరే, ప్రతి ఒక్కరి పేరూ ఉంది."

"ఆడోళ్లు ఉండారా?"

"ఉన్నారు. ఆ దేశం మొత్తానికీ మొట్టమొదటి ఆడ గవర్నరు ఈ రాష్ట్రంలోనే."

ఆమె నల్లద్దాలు నా వైపు తిప్పింది. "ఆయమ్మ పేరే రాసినారా, మొగుని పేరు రాసినారా?"

నాకు ముందు అర్థం కాలేదు. ఎందుకలా అడుగుతున్నావని అడిగాను. అప్పుడు చెప్పింది. వాళ్ల ఊరి పంచాయతీ ఆఫీసుకు కొత్తగా సున్నం వేసినప్పుడు, ఇప్పటిదాకా చేసిన సర్పంచుల పేర్లు బోర్డు మీద రాయించారట. ఆమె చేసిన ఐదేళ్ల దగ్గర ఆమె భర్త పేరు ఉంది.

"ఆయప్ప అప్పుడు ఊర్లోనే లేకపాయె గదా అక్కా!" అన్నాను.

"యాడుండాడు? ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో దూది బోరాలు మోస్తాండె. పండగకో పబ్బానికో వచ్చి పోతాండె."

కోపంగా చెప్పలేదు. నవ్వుతూనే చెప్పింది. నాకే మనసు నిలవలేదు. ఆగస్టు పదిహేనున మా బడికి వచ్చి జెండా తాడు లాగింది ఆమె. ముడి బిగుసుకుపోతే "టీచరమ్మా, పట్టుకో" అని నన్ను పిలిచి, చెప్పులు విడిచి, ఇద్దరం కలిసి లాగితే పూలు మా నెత్తిన పడ్డాయి. వాళ్ల పేటకు కుళాయి కోసం గోనెగండ్ల మండలాఫీసుకు ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. "ఏలిముద్ర ఏసేకి సిగ్గయితాంది, సంతకం నేర్పు" అంటే, సాయంత్రాలు బడి వదిలాక నల్లబల్ల మీద ఆమె పేరు రాసి దిద్దించింది నేనే.

"పోయి అడుగుదామా?" అన్నాను.

"ఇప్పుడెందుకులే" అంది. మర్నాడు తనే ముందు వచ్చి, "కన్ను బాగయినాక పోదాం" అంది.

నెల దాటాక ఆటోలో ఇద్దరం బయల్దేరాం. పంచాయతీ సెక్రటరీ చిన్న వయసు అమ్మాయి, మర్యాదగా కూర్చోబెట్టింది. బోర్డు రాసినప్పుడు తాను లేనని, మార్చాలంటే ఏదైనా ఆధారం కావాలని అంది. పాత తీర్మానాల పుస్తకం ఉందేమో చూడమన్నాను. బీరువా అడుగున దొరికింది, అంచులు చెదలు కొట్టి.

పేజీలు తిప్పాం. మొదటి మీటింగు దగ్గర సంతకం వంకరటింకరగా, గీత దాటి కిందికి జారిపోయింది. తర్వాతవి కాస్త కుదుటపడ్డాయి. చివరి ఏడాదికి వచ్చేసరికి ఒక్క ఊపులో చేసిన సంతకాలు. పుస్తకమంతా అవే. ఆమె భర్త పేరు ఎక్కడా లేదు. సెక్రటరీ ఫోన్ చేస్తే ఇప్పటి సర్పంచి వచ్చాడు. పుస్తకం చూసి ఆమెకు దండం పెట్టి, "పెద్దమ్మా, తప్పయిపోయింది. రాసేటోడు ఊర్లో ఎవుర్నో అడిగి రాసినాడు. ఈ వారంలోనే మార్పిస్తా" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా.

పెయింటరు వచ్చిన రోజు నన్నూ రమ్మని కబురు చేసింది. వెళ్లేసరికి ఆమె భర్త బోర్డు ఎదురుగా తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. మిల్లు మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. పాత పేరు మీద పెయింటరు రంగు పూస్తుంటే నావైపు చూసి, "నేను అప్పుడే సెప్పినా టీచరమ్మా. ఆడ బోరాలు మోసేటోన్ని ఈడ సర్పంచి ఎట్లయితా అంటే ఎవుడూ ఇనల్యా. పోనీలే, ఉచితంగా వచ్చిన పదవి, పోతే పోయింది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

పెయింటరు రాసి కిందికి దిగాడు. ఆమె దగ్గరగా పోయి, వేలు తగలకుండా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. ఆగింది.

"అప్పా, ఈడ దీర్ఘం ఇడిసినావు."

అతను మళ్లీ ఎక్కి దీర్ఘం పెట్టాడు. అప్పుడు తృప్తిగా తల ఊపింది.

వాళ్లింట్లో అన్నానికి కూర్చున్నాం. వేడివేడి జొన్నరొట్టెలు, చెనిక్కాయల చట్నీ, పచ్చి ఉల్లిగడ్డ. రెండో రొట్టె తుంచుతుండగా వాకిట్లో నలుగురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. కలుపు తీయడానికి పోయి తిరిగొస్తున్నట్టున్నారు, చేతుల నిండా మట్టి. వాళ్ల వీధి కుళాయికి వారం నుంచి నీళ్లు సరిగా రావడం లేదట.

"సర్పంచి ఈడ్నే ఉండాడు గదా, అడగండి" అంది ఆమె.

"నువ్వు గూడా వస్తే ఇంటాడు పెద్దమ్మా."

ఆమె చేయి కడుక్కుని, కొంగు దోపుకుని, "నువ్వు తిను టీచరమ్మా, ఇప్పుడే వస్తా" అని వాళ్లతో కలిసి వెళ్లిపోయింది.

ఆమె భర్త నా కంచంలో ఇంకొంచెం చట్నీ వేసి, "ఇంగ ఇప్పుడే రాదులే. కడుపు నిండా తిను తల్లీ" అన్నాడు. తిన్నాను.