ఎగిరే పళ్లేనికి విడుపు గడియ

దాహంతో అలమటిస్తున్న నిండు గర్భిణికి గుక్కెడు నీళ్లివ్వడానికి మీరు ఎవరి అనుమతి అడుగుతారు? నా చిన్నప్పుడు, చిక్కడపల్లిలో మేం కిరాయికుండే వీధి ఆకాశాన్ని అడిగింది.

ఎండాకాలం మధ్యాహ్నం. అశోక్‌నగర్ వైపు ఆకాశంలో తెల్లటి బిళ్ల ఒకటి కదలకుండా నిలబడింది. నారాయణగూడ నుంచి వచ్చినవాళ్లూ దాన్నే చూశామన్నారు. ఎగిరే పళ్లెమని మొదట ఎవరన్నారో గాని, ప్లీడర్లూ ఆఫీసర్లూ అందరూ డాబాలెక్కారు. ఎగిరే పళ్లెం వస్తే ఏం చెయ్యాలో పెద్దలెవరూ చెప్పిపోలేదు. అందుకని తెలిసిన ఆచారాన్నే దానికి అతికించారు. ఇదీ గ్రహణం లాంటిదేనట. వంటపాత్రల మీద దర్భలు పడ్డాయి. పక్కింటి అక్కకి తొమ్మిదో నెల. ఆమెను చీకటి గదిలో పడుకోబెట్టి, కదలొద్దు, నీళ్లు తాగొద్దు అన్నారు.

మా తాతయ్య హేతువాద సభల్లో మాట్లాడే మనిషి. అది వాతావరణం వాళ్లు వదిలిన బెలూననీ, గాలి వేడినీ తేమనీ కొలిచే పరికరాలు దానికి వేలాడుతుంటాయనీ అక్క అత్తగారికి ఓపిగ్గా చెప్పాడు. ఎదురు డాబా మీద నుంచి ఒకాయన అందుకున్నాడు.

"మీటింగుల తాతా, మీకు దేవుడే కనిపించడు, ఇగ పళ్లెమేం కనిపిస్తది?"

వీధి వీధంతా నవ్వింది.

పొద్దు వాలాక ఆ బిళ్ల కాసేపు మెరిసి మాయమైంది. కింద చీకటి పడినా అంత ఎత్తులో ఎండ ఉంటుందనీ, ఆ ఎండ పోతే బెలూన్ కనిపించదనీ తాతయ్య మళ్లీ చెప్పాడు. అత్తగారు చెడ్డమనిషేం కాదు, పుట్టబోయే బిడ్డ కోసం వణికిపోతోంది.

"గ్రహణానికైతే విడుపు టైం ఉంటది. దీనికేది? పోయిందని ఎట్ల నమ్మాలె?" అంది.

"అత్తమ్మా, నాలుక పిడచకట్టుకపోతున్నది," లోపల్నుంచి అక్క గొంతు.

తాతయ్య కళ్లు మూసుకున్నాడు. వేలి కణుపులు లెక్కపెట్టి, ఏదో గొణిగి, విడుపు అయిపోయిందన్నాడు. వెంటనే తలుపు తెరుచుకుంది. అప్పుడూ నీళ్లివ్వలేదు. ముందు విడుపు స్నానం చెయ్యాలి కదా. ఆ స్నానపు నీళ్లనే అక్క చెంబుతో ముంచుకుని గటగటా తాగింది.

మర్నాటి నుంచి జనం ముహూర్తాలు అడగడానికి మా గుమ్మానికొచ్చారు. నిజం చెప్పినవాణ్ణి చూసి నవ్వినవాళ్లే అబద్ధం చెప్పినవాడికి దండం పెట్టారు. తాతయ్య మళ్లీ వేదిక ఎక్కలేదు.

"ఓడిపోయానురా. ఆ పిల్ల దాహం కన్నా నా వాదన పెద్దదా?" అన్నాడు నాతో, ఒక్కసారే.

ఈ వయసుకీ ఆయన చేసింది తప్పని అనలేకపోతున్నాను. ఆ పెద్దమనిషి చేత ఆ అబద్ధం ఆడించిన చదువుకున్న వీధిని మాత్రం క్షమించలేదు. ఇవాళ ఆ డాబాలు పోయి అపార్ట్‌మెంట్లొచ్చాయి. గ్రహణం నాడు వాటిలోనూ గర్భిణులు దాహంతో పడుకునే ఉంటున్నారు, ఇంట్లోవాళ్లు ఫోన్లలో విడుపు వేళ వెతుకుతుంటారు.

మీ ఇంట్లో అలాంటి గది ఉంటే ఎవరినీ అడక్కండి. తలుపు తీసి ఆమెకు నీళ్లివ్వండి. వాదించాలనుంటే తర్వాత నా దగ్గరికి రండి.