ఖుబూస్ కవర్లో పాటల పుస్తకం

సౌదీలోని నజ్రాన్‌లో నర్సుగా ఉన్న రోజుల్లో మా ఐదుగురి శుక్రవారం ఆరాధన పిక్నిక్ పేరుతో జరిగేది. పాటల పుస్తకం ఒక్కటే. చేత్తో రాసుకున్నది, మొదటి పేజీలో పెద్ద సిలువ బొమ్మ. ఎవరికైనా దొరికితే ఉద్యోగాలు పోయి ఇళ్లకు చేరడం ఖాయం. అందుకే దాన్ని ఖుబూస్ రొట్టెల కవర్లో పెట్టుకుని తిరిగేవాళ్లం. రొట్టెను ఎవరు సోదా చేస్తారని మా తెలివి.

ఓ శుక్రవారం వ్యాను మాట్లాడుకుని అబహా కొండల్లో బబూన్ కోతుల పునరావాస కేంద్రానికి వెళ్లాం. జనం పెంచుకుని వదిలేసిన కోతులకు మనిషి చేతి తిండి మరిపించి, మళ్లీ కొండల్లో వదులుతారక్కడ. తిండి పెట్టొద్దని గేటు దగ్గరే బోర్డు ఉంది.

మా గుంపుకు పెద్ద, పాస్టరుగారి కూతురైన అక్క, కంచె దగ్గర నిలబడింది. ఇంకా ఏమీ మరవని ఓ మగకోతి చెయ్యి చాపి ఆమె చంకలోని కవరు లాక్కుంది.

"ప్రార్థన చెయ్యండే," అంది అక్క కళ్లు మూసుకుని.

"కళ్లు తెరువక్కా. అది పేజీలు తిప్పేస్తంది."

రొట్టె లేదని తెలిసి కోతి మొదటి పేజీ చింపి నమిలింది. బైబిల్లో గ్రంథపు చుట్టను తిన్న ప్రవక్తకు అది తేనెలా ఉందట. దీని మొహం చూస్తే అలా అనిపించలేదు.

కాపలా ఉన్న బంగ్లాదేశీ కర్రతో పుస్తకం బయటికి లాగాడు. "దీదీ, బోర్డ్ నహీ దేఖా?" బోర్డు చూడలేదా అని విసుక్కుంటూ, అప్పుడే వచ్చిన సౌదీ అధికారికి దాన్ని ఇచ్చాడు.

"ఏష్ హాదా?" ఏమిటిది అని అడిగాడాయన.

అక్క అబద్ధం ఆడదు. ఆ ఒక్కసారికి ఆడితే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను.

"పాటలు," అంది అరబీలో.

"పాడు."

జోలపాటైనా పాడొచ్చు కదా. యేసు రెండో రాకడ పాట ఎత్తుకుంది, మూడు చరణాలూ. మేమూ పల్లవి అందుకున్నాం. తెలుగు తెలియని ఆయన తలూపుతూ విని పుస్తకం తిరిగిచ్చాడు. "పాట బాగుంది. కోతులకు రొట్టె మాత్రం మమ్నూ," నిషేధం అని హెచ్చరించాడు. అసలు తీసుకురాని రొట్టెకు ఐదుగురం క్షమాపణ చెప్పుకున్నాం.

తిరుగు దారిలో, స్తుతి ప్రార్థనలో కోతిని కలపాలా అని తగువు.

"బాప్తిస్మం లేనిదాన్ని ఎలా కలుపుతామే?"

"సిలువ పేజీ అది తినకపోతే ఈపాటికి ఎక్కడుండేదానివి?"

అక్క తీర్పు చెప్పింది. "కాకులచేత ప్రవక్తకి రొట్టె పంపినోడు కోతిచేత కాయితం తినిపించలేడా? కలపండి."

కలిపాం. డ్రైవరుకు ఆ ఒక్క మాట అర్థమవుతుందని ఆమేన్ మాత్రం మనసులోనే అనుకున్నాం.