కొండకెళ్లే చలికోట్లు

అసువాలో చలికోటుతో ఎవరికీ పని ఉండదు. జనవరిలో కూడా మధ్యాహ్నానికి కుక్కలు నీడ వెతుక్కునే ఊరది. అయినా మార్కెట్ వెనక వీధిలో, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే బసీలియా ఇంట్లో, కలరా ఉండల వాసన కొట్టే ఇనప్పెట్టెలో ఐదు చలికోట్లు ఉండేవి. న్యూయార్కులో ఉన్న అక్క ఏడాదికొకటి చొప్పున పంపి, ఐదో ఏటికి విసుగొచ్చి మానేసింది. వీధివాళ్లు వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. బొచ్చు టోపీ ఉన్నది ఎలుగుబంటి. మోకాళ్ల కిందికి దిగే నల్లది పాదిరిగారు.

కొన్‌స్తాన్సా కొండలకు సెలవులకు వెళ్లేవాళ్లెవరైనా ముందు బసీలియా గడప తొక్కాల్సిందే. ఆవిడ మెళ్లో టేపు తీసి భుజాలు కొలిచి, కోటు ఏరి ఇచ్చేది. కోటుతో పాటు పాఠం కూడా ఇచ్చేది. అది వినకుండా కోటు తీసుకుపోయిన మొనగాడు ఆ వీధిలో లేడు.

"పొద్దున చొక్కా, పైన స్వెటరు, ఆ పైన కోటు. పదింటికి ఎండ చుర్రుమంటుంది, అప్పుడు ఒక్కోటీ విప్పుకుంటూ రా. ఎండ కాస్తోంది కదాని కోటు గదిలో పడేసి బయల్దేరావో, రెండింటికల్లా పొగమంచు దిగి పళ్లు టకటకలాడతాయి. మేజోళ్లు రెండు జతలు ప్లాస్టిక్ సంచీలో కట్టుకో. తొడుగులు లేకపోతే రెండో జత చేతులకి వేసుకో. మోటారుసైకిలు మీద పోతే చొక్కా లోపల గుండెల మీద న్యూస్‌పేపరు పరుచుకో. నవ్వకు. ఎదురుగాలి కొట్టినప్పుడు నన్ను తల్చుకుంటావు."

వెళ్లినవాళ్లు తల్చుకునే వచ్చేవాళ్లు. వచ్చాక ఎవరూ కోటు వట్టి జేబులతో తిరిగివ్వలేదు. ఒకరి జేబులో పైన్ చెట్టు ఆకులు, ఒకరి జేబులో మట్టి అంటుకున్న వెల్లుల్లి. ఒక మహానుభావుడు స్ట్రాబెర్రీలు పెట్టి మర్చిపోయి వారం తర్వాత తెచ్చాడు, పాదిరిగారి అస్తరు మార్చాల్సొచ్చింది. బసీలియా వాళ్లను కూర్చోబెట్టి, కాఫీ పోసి, సంగతులన్నీ లాగేది. వానెన్నింటికి పడింది? పొద్దున గడ్డి తెల్లబడిందా? మరుసటి ఏడు అదంతా ఆవిడ పాఠంలో కలిసిపోయేది.

ఎందుకంటే, ఉన్నమాట చెప్పుకోవాలి, బసీలియా ఆ కొండ ఎన్నడూ ఎక్కలేదు.

ఎక్కడానికి బయల్దేరింది. పెళ్లయిన కొత్తలో, ముప్పై రెండేళ్ల కిందట, మొగుడు నికనోర్ నాలుగు రోజులు సెలవు పెడితే సూట్‌కేసు సర్ది, వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి చెప్పి మరీ వెళ్లింది. కొండ కిందున్న బొనావో ఊరు దాటాక వానకి కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. ఆ నాలుగు రోజులూ బొనావోలో, నికనోర్ మేనత్త ఇంట్లో, చెమటలు కక్కుతూ, దోమలు కొట్టుకుంటూ గడిపారు. సుఖంగానే ఉన్నారు, అది వేరే సంగతి. తిరిగొచ్చి బండి దిగుతుంటే పక్కింటి ఒలింపియా గుమ్మంలోంచి అడిగింది.

"చలి బాగా ఉందా వదినా?"

"అబ్బో, ఎముకలు కొరికిందనుకో," అంది బసీలియా.

నికనోర్ ఒకసారి పెళ్లాం మొహంలోకి చూసి, సూట్‌కేసు పట్టుకుని మాట్లాడకుండా లోపలికెళ్లాడు. బతికున్నన్నాళ్లూ ఆ మాట బయటపెట్టలేదు. అంత మంచివాడు.

మరుసటి ఏడు ఒలింపియా కొండకి వెళ్తూ ఏమేం సర్దుకోవాలని అడిగింది. బసీలియాకి తెలిసిన ప్రయాణం ఒక్కటే. "ఏం మర్చిపోయినా దోమతెర మాత్రం మర్చిపోకు," అంది, అప్పుడే న్యూయార్కు నుంచి వచ్చిన మొదటి కోటు చేతికిస్తూ. ఒలింపియా తిరిగొచ్చి కోటు ఇచ్చేసింది, జేబు నిండా పైన్ ఆకులున్నాయి. దోమతెర సంగతి ఆవిడ ఎత్తలేదు. కానీ ఆవిడ సంచీలో దాని మడత విప్పినట్టే లేదని బసీలియా కనిపెట్టింది. ఆ తర్వాత ఎవరికీ దోమతెర చెప్పలేదు.

నికనోర్ పోయి ఏడేళ్లయింది. పిల్లల్లేరు. యూనిఫారాల కాలం దాటితే ఆ తలుపు కొట్టేది కోటు కోసం వచ్చేవాళ్లే. అబద్ధం బయటపడితే నవ్వుతారు, అది భరించొచ్చు. ఇంక ఎవరూ రారేమో, అదే బసీలియా భయం.

అందుకే ఈ జనవరిలో ఒలింపియా వచ్చి, "ఈసారి కోట్లతో పాటు నువ్వూ రా వదినా, అల్లుడు వ్యాను తెస్తున్నాడు," అన్నప్పుడు బసీలియా మోకాలు నొప్పంది, యూనిఫారాలున్నాయంది, పిల్లికి తిండెవరు పెడతారంది.

"పిల్లి ఎప్పుడో చచ్చిపోయిందిగా," అంది ఒలింపియా.

ఒలింపియా మనవరాలు యానిబెల్‌కి తొమ్మిదేళ్లు. అది బసీలియా ఒళ్లో కూర్చుని, "నువ్వు లేకపోతే మాకు ఎప్పుడేం వేసుకోవాలో ఎవరు చెప్తారు అమ్మమ్మా?" అనేసరికి ఆవిడ సరేనని ఇనప్పెట్టె తెరిచింది.

మూడు రోజులు సర్దింది. స్వెటర్లు, గొడుగులు, అల్లం టీకి ఫ్లాస్కు, అన్నీ మనిషికొక మూట చొప్పున కట్టి పేర్లు కుట్టింది. వ్యానులో మాత్రం యానిబెల్ ప్రశ్నలు సర్దుకోనివ్వలేదు.

"అప్పుడు ఏ హోటల్లో దిగారు?"

"పాతది. పడగొట్టేశారు."

"కొండమీద మొదట ఏం కనపడుతుంది?"

"పైన్ చెట్లు. తర్వాత వెల్లుల్లి చేలు," అంది బసీలియా. జేబుల్లోంచి వచ్చినవే, ఏ క్రమంలో ఉంటాయో పాపం ఆవిడకేం తెలుసు.

కొండ మొదట్లోనే అందరిచేతా కోట్లు వేయించింది. ఎండ మండిపోతోంది. "అత్తమ్మా, మనం కొండకెళ్తున్నామా, ఆవిరి పట్టుకుంటున్నామా?" అన్నాడు అల్లుడు రదామెస్ చెమట తుడుచుకుంటూ.

"ఆవిడ చెప్పిందిగా, వేసుకో," అని కసిరింది ఒలింపియా. బసీలియా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అరగంట తర్వాత మలుపులో పొగమంచు కమ్మి, సన్నగా వాన మొదలై, అల్లుడుగారు కిక్కురుమనకుండా గొంతు దాకా జిప్పు లాక్కున్నాడు. అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుందావిడ.

మర్నాడు తెల్లవారుతుండగా ఇంకా పైకి, పైన్ అడవి మధ్య ఉన్న బయలు దగ్గరికి తీసుకెళ్లాడు రదామెస్. వ్యాను దిగిన బసీలియా అక్కడే నిలబడిపోయింది. గడ్డి మీద మంచు గడ్డకట్టి నేలంతా తెల్లగా ఉంది. ముప్పై రెండేళ్లుగా ఉప్పు చల్లినట్టుంటుందని అందరికీ చెప్తూనే ఉంది. ఉప్పు ఇలా మెరవదు. కాలు వేస్తే ఇలా కరకరమనదు. ఆవిడ వంగి గుప్పెడు గడ్డి పట్టుకుంది. చెయ్యి చురుక్కుమంది. అరచేయి తెరిచేసరికి అంతా నీళ్లు. మళ్లీ పట్టుకుంది. మళ్లీ నీళ్లే.

"అమ్మమ్మా, నువ్వెప్పుడూ ఇది చూళ్లేదా?" అంది వెనకనించి యానిబెల్.

బసీలియా తడి అరచేయి కోటుకి తుడుచుకుంది.

"యానీ, నాన్ననడిగి ఫ్లాస్కు పట్రా, పో," అని పిల్లని పంపేసింది ఒలింపియా. దగ్గరికొచ్చి, బసీలియా వేసుకున్న పాదిరిగారి గుండీలు ఒక్కోటీ పెట్టసాగింది, చంటిపిల్లకి పెట్టినట్టు.

"మిగతావన్నీ తెచ్చాం గాని వదినా, ఇదొక్కటీ జేబులో నిలవదు," అంది నెమ్మదిగా.

బసీలియా తలెత్తలేదు. "ఎప్పట్నించి తెలుసు?"

"దోమతెర మోసుకెళ్లిన దగ్గర్నించి. హోటలు వాళ్లంతా చుట్టూ చేరి నవ్వారు. ఇక్కడ ఒక్క దోమ కనపడినా దానికి నీ పేరు పెడదామనుకున్నా."

"వీధికంతా తెలుసా?"

"జేబులు వాళ్లకై వాళ్లే నింపుకొస్తున్నారనుకున్నావా? ఆవిడకి చూసే రాత లేకపోయింది, వట్టి చేతుల్తో ఆ గడప ఎక్కొద్దని చెప్పిందాన్ని నేనే. తర్వాత అదే అలవాటైపోయింది. కోటు అక్కర్లేనివాళ్లు కూడా నీ దగ్గరికొచ్చి తీసుకెళ్లేవాళ్లు."

ఇన్నేళ్లూ తను వాళ్లని నమ్మిస్తున్నాననుకుంది బసీలియా. వాళ్లేమో కొండని ముక్కలు ముక్కలుగా మోసుకొచ్చి ఆవిడ ఒళ్లో పోస్తూ వచ్చారు. సిగ్గూ ప్రేమా ఒకేసారి ముంచుకొచ్చి ఆవిడ ఏడ్చేసింది. ఒలింపియా రుమాలుకి బదులు కోటు చేతితోనే ఆవిడ మొహం తుడిచింది.

యానిబెల్ ఫ్లాస్కుతో పరిగెత్తుకొచ్చింది. అడిగిన ప్రశ్న మర్చిపోయే రకం కాదది. "చెప్పవేం అమ్మమ్మా? ఎప్పుడూ చూళ్లేదా?"

"లేదమ్మా," అంది బసీలియా. "ఇదే మొదటిసారి."

పిల్ల ఆశ్చర్యపోలేదు. ఎర్రబడిన ఆవిడ వేళ్లవంక చూసి, తను వేసుకున్న ఎలుగుబంటి జేబులోంచి మేజోళ్ల ప్లాస్టిక్ సంచీ తీసి ముడి విప్పింది.

"అయితే రెండో జత చేతులకి వేసుకోవాలి. ఇటు పట్టు."

బసీలియా రెండు చేతులూ చాపింది.