బోర్డుల సారు పలక

పక్కింటివాళ్లు గేటుకు రంగు వేయిస్తున్నారు. ఎనామిల్ పెయింటూ టర్పెంటైనూ కలిసిన వాసన పొద్దుటినుంచీ నా కిటికీలోంచి వస్తూనే ఉంది. కంప్యూటరు తెర మీద ఒక పేజీ తెరిచి ఉంది. దానికింకా పేరు పెట్టలేదు. ఎవరో ఒక పేరు సూచించారు, అది నాకు బాగా నచ్చింది. నచ్చింది కాబట్టే దాని మీద అనుమానం వచ్చింది. ఈ అలవాటు నాకు దేవదానం గారి వల్ల అబ్బింది, ఈ వాసనా ఆయనదే.

ఆయన్ను మీరు చూసి ఉండరు కానీ, ఒకప్పుడు మనుబోలు మీదుగా బస్సులో వెళ్లి ఉంటే ఆయన చేతిరాత చూసే ఉంటారు. అంగళ్లకూ స్కూళ్లకూ చర్చిలకూ బోర్డులు రాసేవారు. ఊళ్లో అందరికీ బోర్డుల సారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఆ ఫ్లెక్సీలు డిజైను చేసే డీటీపీ షాపు నాది. అందుకని ఆయన మొదటిసారి నా షాపు మెట్లెక్కినప్పుడు నేను నవ్వుతూ పలకరించలేదు. అసలే నాది అనుమానపు బుద్ధి. ఎవరైనా బాగున్నావా అని అడిగితే ఏం పనిబడి అడుగుతున్నారో అని ఆలోచించే రకం.

ఆయన వచ్చింది ఫ్లెక్సీల గురించి కాదు. "కథల వికీలో వసంత అనే పేరుతో రాసేది నువ్వేనా అమ్మాయ్?" అని అడిగారు. అది ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే తెలుగు సైటు. కథల్లో, నాటకాల్లో, సినిమాల్లో మళ్లీ మళ్లీ వచ్చే పద్ధతులను అందులో పోగుచేస్తాం. చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములు చివర్లో కలుసుకోవడం, ముఖ్యమైన ఉత్తరం ఆలస్యంగా అందడం, ఇలాంటివి. ఒక్కోదానికి ఒక పేజీ, ఒక పేరు. పేర్లు పెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. నేను పెట్టిన ప్రతి పేరు కిందా "ఇది ఏందో తెలియలేదు" అని రాసిపోయే మనిషి ఒకరున్నారు. ఆ మనిషి ఈయనే అని తెలిసేసరికి నాకు ఒళ్లు మండింది. పని పోయిన కసి ఇలా తీర్చుకుంటున్నాడు అనుకున్నాను.

"అందంగా ఉండాయి నీ పేర్లు. అదే నా అనుమానం," అన్నారాయన. "ఒకసారి మా ఇంటికి రా, పరీక్ష పెడదాం."

ఆయన పరీక్ష ఇది. పేరును పెద్ద పలక మీద సుద్దతో రాసి, రోడ్డు వైపు కనబడేలా వసారాలో నిలబెడతారు. దారిన పోయేవాళ్లను ఆపి ఒకే ఒక ప్రశ్న అడుగుతారు. బోర్డులు రాసే రోజుల్లో, రంగు ముట్టకముందు, ప్రతి అంగడి పేరునూ అలాగే పరీక్షించేవారట. హీరో మీసం అంటించుకోగానే సొంత తల్లి కూడా గుర్తుపట్టలేకపోయే పద్ధతికి నేను 'ఛాయాముఖం' అని పేరు పెట్టి ఉన్నాను. పలక మీద ఆ మాట రాశారు. చేపలమ్ముకునే రవణమ్మ గంపతో ఆ దారిన వచ్చింది.

"రవణమ్మా, ఈ పేరున్న అంగట్లో ఏం దొరుకుతాది?"

ఆమె అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "ఫోటోలు తీస్తారేమో సార్."

ఆయన తుడిచేసి 'మీసం పెడితే గుర్తుపట్టరు' అని రాశారు. రవణమ్మ గంప దించి మరీ నవ్వింది. "సినిమాల్లో ఉంటాది గదా ఈ కత. వాళ్లమ్మకు కూడా కండ్లు కనపడవు." నేను నవ్వలేదు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారేమో అని ఇంటికి వెళ్లేదాకా అనుమానిస్తూనే ఉన్నాను. అయినా పేజీ పేరు మార్చాను. మర్నాటినుంచి ఆ పేజీని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కనబడ్డారు. అందుకు కూడా ఆయన మీద కోపమే వచ్చింది.

మా సొంతూరు చిట్టమూరు వైపు, పులికాట్ సరస్సు ఒడ్డున. చేపలు పట్టే ఊరు. నా చిన్నతనంలో అక్కడ ఎవరో వరసగా వలలు కోసేశారు. ఊరంతా పోలయ్య అనే మనిషిని వేలెత్తి చూపింది. అతన్ని ఎవరూ పడవ ఎక్కించుకోలేదు, ఇంటిల్లిపాదీ ఊరు వదిలిపోయారు. కోసింది వేరేవాళ్లని తర్వాత తేలింది. తేలినా ఆ పేరు మాత్రం మా నోళ్లలో ఉండిపోయింది. ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా "పోలయ్య ఎవరు?" అనేవాళ్లం. కథలో మనందరి అనుమానాన్నీ తన మీదికి తిప్పుకుని, చివరికి ఏ పాపమూ ఎరగనివాడని తేలే పాత్ర ఉంటుంది చూశారా, దాని పేజీకి నేను 'పోలయ్య' అని పేరు పెట్టాను. కింద ఊరి పేరూ వలల సంగతీ వివరంగా రాశాను. అది అందరికీ తెగ నచ్చింది. ఎక్కడెక్కడివాళ్లో "ఈ సినిమాకి పోలయ్య వీడే" అని రాసుకునేవారు. నాకు గర్వంగా ఉండేది.

దేవదానం గారు ఆ పేరునూ పలక మీదికి ఎక్కించారు. రవణమ్మ టీ అంగడి అంది. ఇంకొకాయన ఎరువుల కొట్టా అన్నాడు. "ఎవరన్నా చెప్పిందాకా ఇది తుడవను," అన్నారు సార్. "మనిషి పేరు పెట్టినావే, ఆ మనుషులు యాడుండారో తెలుసునా నీకు?" అని కూడా అడిగారు.

కొద్ది రోజులకు ఆ పేజీకి నేను పెట్టిన పేరును ఎవరో తీసేశారు. తీసింది ఎవరో పేరు లేదు, లాగిన్ కాకుండా దిద్దినవాళ్లకు వచ్చే వట్టి అంకెలు ఉన్నాయి. నేను మళ్లీ పెట్టాను. మళ్లీ తీసేశారు. మూడోసారి వలల కథ మొత్తం పోయింది. అదీ తిరిగి పెట్టాను. సార్ కాక ఇంకెవరు చేస్తారు అనుకున్నాను. ముఖం మీద ఒప్పించలేక చాటుగా చేస్తున్నాడని తేల్చేసుకుని చర్చ పేజీలో అందరూ చూసేలా రాశాను: "మనుబోలు బోర్డుల సారు గారు పేరు దాచుకోకుండా చేస్తే బాగుంటుంది." ఆయన దానికి జవాబు రాయలేదు. షాపుకూ రావడం మానేశారు. తప్పు చేశాడు కాబట్టే నోరు మెదపడం లేదని దాన్ని కూడా ఆయన తప్పు కిందే జమకట్టుకున్నాను.

చివరికి ముఖాముఖి తేల్చుకుందామని వాళ్లింటికి వెళ్లాను. వసారాలో ఒకామె కూర్చుని ఏడుస్తోంది. సార్ ఎదురుగా తల వంచుకుని ఉన్నారు.

"కొడవలూరు నుంచి వచ్చినాను సార్. మా పాప కాలేజీలో అందరూ ఫోన్లో మా ఇంటి కత చదివి నవ్వతుండారంట. మా పాపే రెండు మూడుసార్లు తీసేసింది, మళ్లీ వచ్చేసింది. అందులో మనుబోలు బోర్డుల సారు అని రాసుంటే, ఆ కత రాసింది మీరేననుకోని కనుక్కుంటా వచ్చినాను." ఆమె చూపు పలక మీద పడింది. 'పోలయ్య' అన్న అక్షరాలు ఇంకా అక్కడే ఉన్నాయి. "ఇది అంగడి పేరు కాదు సార్. మా నాయన పేరు."

"తప్పే తల్లీ. తీసేస్తాం," అన్నారాయన. మెట్ల దగ్గర ఉన్న నన్ను చూశారు. చూసి కూడా నా పేరు చెప్పలేదు.

నేను అక్కణ్నుంచే వెనక్కి తిరిగి వెళ్లిపోగలిగేదాన్నే. ఆయన నన్ను పట్టివ్వరని ఆ చూపులోనే తెలిసిపోయింది. చాలా సిగ్గేసింది. "రాసింది నేనక్కా. సార్ కాదు," అన్నాను.

ఆమె పేరు కామాక్షి. నాది ఏ ఊరని అడిగింది, చెప్పాను. "మీ ఇండ్లల్లో ఆ మాట ఇంకా అంటుండారా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అంటుండాం అక్కా."

ఆమె లేచి, పలకను తన కొంగుతోనే తుడిచి, వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుని ఫోన్లో పేజీ పేరు మార్చాను: 'అందరూ అనుమానించే నిర్దోషి'. అది చూసి సార్ అన్నారు. "నువ్వు అనుమానించేది మానొద్దమ్మాయ్, పనికొస్తాది. ముందు నువ్వు పెట్టే పేర్ల మీద పెట్టు. మనుషుల జోలికి తర్వాత పోదువు." చర్చ పేజీలోనూ, ఆ వీధిలో అడిగినవాళ్లందరి దగ్గరా నా తప్పు ఒప్పుకున్నాను. మా అమ్మకు ఫోన్ చేసి ఇకమీదట ఇంట్లో ఆ మాట అనొద్దని చెప్పాను. మర్నాడు ఆయన మళ్లీ షాపుకు వచ్చి, నేను కొత్తగా పెట్టిన ఇంకో పేరు తెలియలేదని చెప్పి వెళ్లారు.

ఆయన పోయాక ఆ పలకను వాళ్లమ్మాయి నాకిచ్చింది. ఇప్పుడది నా షాపు ముందు ఉంటుంది.

పొద్దున నా తెర మీద ఉన్న పేజీ, వేరొకరి తప్పును తన మీద వేసుకుని నోరు విప్పని పాత్ర గురించి. పాత చర్చలన్నీ చదివిన ఎవరో దానికి 'దేవదానం' అని పేరు పెడదామన్నారు. అదే నాకు నచ్చిన పేరు. చాలాసేపు చూశాను. తర్వాత షాపుకు వెళ్లి, పలక మీద 'తనది కాని నింద మోసేవాడు' అని రాసి రోడ్డు వైపు నిలబెట్టాను. రవణమ్మ గంపతో వచ్చింది. ఇప్పటికీ అక్షరాలు కూడబలుక్కునే చదువుతుంది. అడగాల్సిన ప్రశ్న నేను అడగకముందే తల ఎత్తింది.

"మన బోర్డుల సారు సంగతా?" అంది.