దండ వేసిన ఫోటో

"నువ్వు సచ్చిపోయినవ్ గదా బిడ్డా!"

పాల్వంచలో బస్సెక్కిన ముసలమ్మ, నా పక్క సీటులో ఉన్నామెను చూసి అన్న మాట అది. కొత్తగూడెం నుంచీ ఆమె ముఖానికి చున్నీ కప్పుకునే కూర్చుంది. కిటికీ గాలికి అది జారాక నేనూ గుర్తుపట్టాను. మా ఇంట్లో రోజూ చూసే సీరియల్‌లో చిన్న కోడలు. పోయిన వారమే లారీ గుద్ది చనిపోయింది.

"నన్ను తీసేయాలనుకుని ఆ పాత్రను చంపేశారమ్మా," అందామె మెల్లగా. "చివరి రోజు దండ వేయడానికి ఫోటో తీశారు. నవ్వమంటే నవ్వాను. మళ్ళీ ఎవరూ పిలవలేదు."

"గట్లెట్ల తీసేస్తరు? నువ్వు పోయిన్నాడు నేను మెతుకు ముట్టలే."

ముసలమ్మ రెండు చేతులతో ఆమె బుగ్గలు నిమిరి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. "సల్లగ బతుకు బిడ్డా."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. భద్రాచలంలో దిగేటప్పుడు చున్నీ భుజం మీదే ఉంది.

తర్వాత చాలాకాలం సీరియల్‌లో, గోడ మీద ఆ ఫోటో కనిపించేది. ఆ నవ్వు చూసి అమ్మ కళ్ళొత్తుకునేది.

"ఆమె బతికే ఉందమ్మా," అనేదాన్ని.

"నాకెర్క లేదా?" అని మళ్ళీ కళ్ళొత్తుకునేది.