చదవకముందే ఒప్పుకున్న వెంకన్న

2022 వానాకాలం. భీమవరంలో క్రికెట్ సీజన్ ముగిసి, ఆ సీజన్‌లో పెట్టిన కేసులు ఒక్కొక్కటిగా కోర్టుకు వస్తున్న రోజులు. నేను క్రిమినల్ లాయర్ని. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, మా ఊళ్లో క్రిమినల్ ప్రాక్టీసు అంటే చెరువు గట్ల తగాదాలు, చెక్ బౌన్సులు, కోడిపందేలు, క్రికెట్ బెట్టింగు. నల్లకోటు ఎగరేసి కోర్టు దద్దరిల్లేలా వాదించే అవకాశం నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఈ కేసులో కూడా రాలేదు. అయినా మరిచిపోలేకపోతున్నది మాత్రం ఇదొక్కటే. పేర్లు మార్చి చెబుతున్నాను.

బెట్టింగ్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఏ జట్టు మీద ఏ రేటు నడుస్తోందో పైనుంచి ఫోన్లో వస్తూనే ఉంటుంది. దాన్ని లైన్ అంటారు. ఆ లైన్ తీసుకుని కింద పందేలు కాయించుకునేవాడు బుకీ. కాసేవాడు పంటర్. అంతా నోటిమాట మీదే నడుస్తుంది. మ్యాచ్ ఎవరు గెలిచినా బుకీకి వచ్చేది వస్తుంది. పోయేది కాలేజీ కుర్రాళ్లది, ఆటోవాళ్లది, రొయ్యకు తెగులొచ్చి అప్పటికే కుదేలైన రైతులది. ఆ వ్యాపారమంటే నాకు ఒళ్లు మంట. కేసులు మాత్రం తీసుకునేదాన్ని. నిందితుడికి లాయరు ఉండాలన్నది నేను నమ్మి చదువుకున్న మొదటి పాఠం.

మా వైపు మూడు మండలాల లైన్ బుజ్జిబాబు గారి చేతిలో ఉండేది. పైకి ఆయనకు ఐస్ ఫ్యాక్టరీ, మేత డీలర్‌షిప్పు. తెల్ల చొక్కా, మెత్తటి మాట, ప్రతి మాటకూ అండి. గ్యాంగు నడిపే మనిషంటే ఎవరూ నమ్మరు. కానీ ఆయనకు బాకీ పడ్డవాడి ఇంటి ముందు మాత్రం నలుగురు బైకుల మీద వచ్చి కూర్చునేవారు. తిట్టరు, కొట్టరు, పలకరిస్తే నవ్వుతారు. సాయంత్రం దాకా కూర్చుని వెళ్లిపోతారు. రెండో రోజుకు ఆ ఇంట్లోవాళ్లు ఎక్కడో ఒకచోట సర్దుబాటు చేసుకుని వచ్చేవారు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. రెయిడ్ జరిగినప్పుడు దొరికినవాళ్లు వేరు, కేసులో ఉండేవాళ్లు వేరు. అసలు లైన్ నడిపేవాళ్లు పక్కకు తప్పుకుంటే, వాళ్ల బదులు స్టేషన్‌కు ఆయన తన మనుషులను పంపేవారు. డ్రైవర్లు, వంటవాళ్లు, ఐస్ మోసేవాళ్లు. వాళ్లు కోర్టుకు వచ్చి, చేతులు కట్టుకుని, నేరం ఒప్పుకుని వెళ్లిపోతారు. ఫైన్ ఆయనే కడతారు. ఆ రోజు కూలి, తిరిగి వెళ్లేటప్పుడు బిర్యానీ. వాళ్ల ఇళ్లలో ఏ కష్టం వచ్చినా ముందు ఆయనే వెళ్లేవారు. అందుకే ఎవరికీ ఇందులో తప్పు కనిపించేది కాదు. మొదట్లో నాకూ ఈ సంగతి తెలియదు. ఆయన కేసులు అంతవరకూ ఒక పెద్ద లాయరు గారు చూసేవారు. ఆ లాయరు గారి ఆరోగ్యం బాగోక ఈ ఫైలు నా దగ్గరకు వచ్చింది.

నలుగురు నిందితులు వచ్చారు. ఏ-వన్, అంటే మొదటి నిందితుడు, వెంకన్న. నలభై దాటిన మనిషి, పెళ్లిళ్లకు వంట చేస్తాడు. ఖాళీ రోజుల్లో బుజ్జిబాబు గారి మనుషులకు కూడా వండిపెడతాడు. వకాలత్ మీద సంతకం పెట్టి పెన్ను జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. వకాలత్ అంటే ఈ లాయరు నా తరఫున మాట్లాడతారని క్లయింట్ రాసిచ్చే కాగితం. సంతకం పెట్టి లేవబోతుంటే, చార్జిషీటు చదువుతున్న నేను ఆగమన్నాను.

ఎప్పుడూ ఈ మనుషులను ఆటగాళ్లుగానే రాసేవారు. ఈసారి వెంకన్నను నిర్వాహకుడిగా రాశారు. పైగా ఆన్‌లైన్ ఆటలను కూడా కలిపి చట్టం గట్టిపడింది. ఆటగాడు ఒప్పుకుంటే ఫైన్‌తో బయటపడవచ్చు. నిర్వాహకుడు ఒప్పుకుంటే జైలు. ఇది చెబితే వెంకన్న నమ్మలేదు. మూడుసార్లు వెళ్లొచ్చానండి, అలవాటే, మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేస్తానన్నాడు. మిగతా ముగ్గురినీ బయటికి పంపి, రెయిడ్ జరిగిన రోజు ఎక్కడున్నావని అడిగాను. పిఠాపురంలో పెళ్లి వంట అన్నాడు, అదేదో మామూలు సంగతిలా. బెట్టింగ్ ఎన్నాళ్లుగా కాస్తున్నావంటే నవ్వాడు. ఆటలో ఎవరు ఎవరికి బంతి వేస్తారో కూడా తనకు సరిగా తెలియదట.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. గట్టిగానే కసిరాను. అప్పుడు అతను తలదించుకుని అసలు సంగతి చెప్పాడు. భార్య సత్యవతి పదేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. రెండేళ్లకోసారి వస్తుంది, నెల ఉండి వెళ్తుంది. ఇప్పుడు ఆ ఇంటివాళ్లకు వంటమనిషి కావాలి. సత్యవతి తన భర్త గురించి చెప్పి ఒప్పించింది. ఇద్దరూ ఒకేచోట ఉండొచ్చు. రోజూ సాయంత్రం ఫోను ఆవకాయ జాడీకి ఆనించి, వీడియో కాల్లో ఆవిడతో మాట్లాడుతూ ఆ ఇంటివాళ్ల వంటకాలు నేర్చుకుంటున్నాడట. వీసాకు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. ఈ మనిషి మీద కేసుల్లేవని పోలీసులు ఇచ్చే కాగితం అది. ఆ సర్టిఫికెట్‌కూ ఈ ఒప్పుకోలుకూ సంబంధం ఉంటుందన్న ఆలోచన అతనికి రాలేదు.

పాత మూడు కేసులూ చిన్న ఫైన్లే కాబట్టి ఎలాగో దాటించుకోవచ్చనుకున్నాను. ముందు జైలు తప్పించాలి. అయితే నాకు ఫీజు ఇచ్చేది వెంకన్న కాదు, బుజ్జిబాబు గారు. ఫీజు ఎవరిచ్చినా వకాలత్ ఎవరిదైతే వాళ్లే నా క్లయింటు. చెప్పకుండా చేయడం ఇష్టం లేక ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లాను.

ఆయన మజ్జిగ తెప్పించి, నేను చెప్పిందంతా ఓపికగా విన్నారు.

"నా దగ్గరోడికి నేను అన్యాయం చేస్తానా మేడమ్ గారూ? ఒకవేళ లోపలికెళ్లినా, వచ్చేదాకా వాడి ఇల్లు నాదండి. ఏ లోటూ రానివ్వను."

అబద్ధం కాదు, నిజంగా చూసుకునేవారు. అదే నాకు ఇంకా బాధ కలిగించింది.

"చూసుకోవడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరండి. భార్య కువైట్‌లో ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్లిపోదామని చూస్తున్నాడు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. వెంకన్న తల్లి బతికుండగా ఆమె ఆపరేషన్‌కు రాత్రంతా ఆస్పత్రిలో కూర్చున్న మనిషికి, మీ దగ్గర మానేసి వెళ్తానని చెప్పడానికి అతనికి నోరు రాలేదట. బుజ్జిబాబు గారు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత, మీకు తోచింది చేయండి, నా పేరు మాత్రం రానివ్వకండి అన్నారు. ఆయన పేరుతో నాకు పని లేదన్నాను. మిగతా ముగ్గురికీ కూడా విషయం వివరించి చెప్పాను. మాకు ఫైనే కదండి అని వాళ్లు వేరే లాయరును చూసుకున్నారు.

ప్లీ రికార్డింగ్ రోజు వచ్చింది. అభియోగం చదివి వినిపించి, ఒప్పుకుంటావా అని మేజిస్ట్రేట్ అడిగే రోజన్నమాట. వెంకన్నను ఆఫీసులో కూర్చోబెట్టి పదిసార్లు చెప్పించాను. ఒప్పుకోవట్లేదండి అనాలి, అంతే. ఆయ్, అలాగేనండి అన్నాడు. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద బుజ్జిబాబు గారు వచ్చి కూర్చున్నారు. ఎందుకొచ్చారో నాకు అర్థం కాలేదు.

పేరు పిలిచారు. వెంకన్న బోనులోకి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. మేజిస్ట్రేట్ గారు కాగితం అందుకుని కళ్లజోడు సర్దుకుంటున్నారు.

"ఒప్పుకుంటున్నానండి," అన్నాడు వెంకన్న.

మేజిస్ట్రేట్ గారు తలెత్తారు.

"ఏం ఒప్పుకుంటున్నావు? నేనింకా చదవలేదు."

"మీరేది చదివితే అదండి."

హాల్లో నవ్వులు. మేజిస్ట్రేట్ గారు నవ్వలేదు. నేను లేవబోతే చేత్తో ఆపి, ఇంతకుముందు కూడా ఇలాగే ఒప్పుకున్నావా అని అడిగారు. వెంకన్న చెమటలు కక్కుతూ వెనక బెంచీ వైపు చూశాడు. నేనూ చూశాను. బుజ్జిబాబు గారు తల వంచుకుని చేతి ఉంగరం తిప్పుకుంటున్నారు. అవుననీ లేదు, కాదనీ లేదు. మేజిస్ట్రేట్ గారు ఈసారి మెల్లగా, ఒక్కో మాటా విడమరిచి అభియోగమంతా చదివారు. చదువుతున్నకొద్దీ వెంకన్న మొహం మారిపోయింది. తన పేరు మీద రాసింది అతను మొదటిసారి పూర్తిగా వినడం అదే.

"అది నేను కాదండి. ఆ రోజు నేను పిఠాపురంలో పెళ్లివారికి వంట చేస్తున్నానండి."

ఒప్పుకోలేదని రాసుకున్నారు. విచారణకు ఏడాది పైనే పట్టింది. అన్నాళ్లూ కువైట్ ఇంటివాళ్లను సత్యవతి ఎలాగో ఆపుతూ వచ్చింది. పెళ్లి వీడియోలో గాడిపొయ్యి దగ్గర గరిటె పట్టుకుని వెంకన్న స్పష్టంగా ఉన్నాడు. పెళ్లికూతురి తండ్రి సాక్ష్యానికి వచ్చి, పులిహోరలో ఉప్పు తగ్గిందని ఆ రోజు ఇతనితో గొడవ కూడా పడ్డానని చెప్పారు. ప్రాసిక్యూషన్ ఎంత అడిగినా ఆ ఉప్పు మాట వదల్లేదు. కేసు కొట్టేశారు. వెంకన్న మా ఆఫీసు మొత్తానికి కాజాలు తెచ్చాడు.

నెల తిరక్కుండా పోలీస్ క్లియరెన్స్ తిరస్కరించారు. కారణం పాత మూడు కేసులు. ఎలాగో దాటుతాయనుకున్నవి దాటలేదు. ఆ రోజే బుజ్జిబాబు గారు ఫోన్ చేశారు. ఎవరితో మాట్లాడాలో చెప్పండి, నేను మాట్లాడతానన్నారు. ఆయన గొంతులో నిజమైన ఆదుర్దా ఉంది. మాట్లాడడానికి ఎవరూ లేరండి, ఆ మూడుసార్లూ నేనే చేశానని వెంకన్న తన నోటితోనే చెప్పాడు, అప్పుడు చెప్పింది అబద్ధమని ఇప్పుడంటే వినే చోటు లేదన్నాను. ఊళ్లో ఒక్క ఫోన్‌తో ఆయన చేయించలేనిదంటూ లేదు. సరేనండి అని పెట్టేశారు. ఆ తర్వాత నాకు ఆయన ఫైళ్లు రాలేదు, నేనూ అడగలేదు.

ఆ కేసు నాకు నేర్పింది చాలా చిన్న విషయం. కోర్టులో త్వరగా ముగిసే కేసును చూసి అందరం సంతోషిస్తాం. క్లయింటు, పోలీసు, లాయరు, మేజిస్ట్రేటు. అంతమంది సంతోషించినప్పుడు ఎవరో ఒకరి మీద ఏదో ఒకటి శాశ్వతంగా రాసి ఉంటుంది. ఇప్పుడు ఎవరైనా ఒప్పుకుంటానంటూ వస్తే, డబ్బిచ్చేవాళ్లను బయట కూర్చోబెట్టి, నిజంగా నువ్వక్కడ ఉన్నావా అని అడుగుతాను. కొందరు చిరాకు పడి వెళ్లిపోతారు. పోనీలే అనుకుంటాను.

భర్త ఇక రాలేడని తేలాక, మరుసటి ఏడాది సత్యవతి కువైట్‌లో పని మానేసి వచ్చేసింది. వచ్చిన వారంలోపే నా ఆఫీసుకు వచ్చింది, భర్తకు చెప్పకుండా. సన్నటి మనిషి, చేతులు కాయలు కాసి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్క మాట అడుగుతానండి, దాచకుండా చెప్పండి. మా ఆయన ఎప్పుడైనా పందెం కాశాడా అండి? మూడుసార్లు కోర్టులో ఒప్పుకున్నాడంట కదా."

"లేదమ్మా. ఒక్కసారి కూడా కాయలేదు."

ఆవిడకు ఊరట కలుగుతుందనుకున్నాను. కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"కాసుంటే బాగుండేదండి. ఆ అలవాటు ఉన్నోడైతే తిట్టో కొట్టో మాన్పించేదాన్ని. లేని అలవాటు కోసం చేతికొచ్చిన బతుకు పోగొట్టుకున్నామని ఎవరితో చెప్పుకోనండి?"

లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.